ఒక్కసారే మోగించాల్సిన గంట

నదికి ఈవలి ఒడ్డున ఒక దుమ్ములగొండి ఉండేది. అది పిల్లల్ని ఎత్తుకుపోయేది. ఆవలి ఒడ్డున ఉన్నవాళ్ళకి ఈ సంగతి తెలీదు.

తెలియకపోవడం వాళ్ళ తప్పని నేననను. నది అంత వెడల్పు. పడవెక్కితే మూడు రోజుల ప్రయాణం. ఇక్కడ గుండెలు బాదుకున్నా అక్కడికి వినపడదు. తెలిశాక ఏం చేశారన్నదే నా బాధ, అదే చెబుతాను.

ఆ దుమ్ములగొండి పిల్లల్ని తినేది కాదు. తింటే తల్లులు ఏడ్చి ఏడ్చి ఊరుకునేవాళ్ళు. అది చచ్చిన దుమ్ములగొండ్ల తోళ్ళు తెచ్చి పిల్లల ఒంటికి కప్పేది. కొరకడం నేర్పేది. మొదట ఎవరింటి మేకని వాళ్ళ చేతే కొరికించేది. కొరికాక, "ఇంక మీ అమ్మ నిన్ను గడప తొక్కనిస్తుందా?" అని అడిగేది. తొమ్మిదేళ్ళ పిల్ల దానికేం జవాబు చెబుతుంది? తలొంచుకుని దాని వెనకాలే నడిచేది.

ఈవలి ఒడ్డున గంటలు పోసే మనిషి ఒకామె ఉండేది. ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా ఆమెకి కబురు వెళ్ళేది. మైనంతో గంట ఆకారం చేసి, పైన మట్టి మెత్తి, కాల్చి, మైనం కారిపోయిన ఖాళీలో కరిగిన కంచు పోసేది. చల్లారాక మట్టి పగలగొట్టాల్సిందే. అందుకని ఒక పోతలో వచ్చిన మోత ఇంకో పోతలో రాదు. ఒక్కో పోతకి రెండు గంటలు. పెద్దది ఇంటి ద్వారబంధానికి, చిన్నది బిడ్డ ముంజేతికి. బిడ్డ ఎదిగాక ఆ చిన్న గంటని విప్పాల్సింది తల్లే. ఇంకెవరూ ఆ ముడి మీద చెయ్యి వెయ్యకూడదు.

పిల్లల్ని వెనక్కి తెచ్చుకునే దారి కూడా ఆ గంటల్లోంచే దొరికింది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు దుమ్ములగొండి నిద్రపోతుంది. అప్పుడు తల్లి ద్వారబంధం నుంచి గంట తీసుకుని అడవి అంచుకి వెళ్ళి ఒక్కసారి మోగించేది. ఒక్కసారే. వెంటనే అరచేత్తో గంట మూతి మూసేసి చెవి ఒగ్గి వినేది. మేక పోతే పోయింది, నువ్వు రా అని ఆ మోతకి అర్థం.

లోపల పిల్లలు తమ గంటలు చప్పుడు కాకుండా గడ్డి కుక్కుకుని ఉండేవాళ్ళు. తనింటి గంటని గుర్తుపట్టిన పిల్ల ఆ గడ్డి తీసి ఒక్కసారి ఆడించేది. మర్నాడు ఇంకాస్త దగ్గర నుంచి. ఆ మర్నాడు ఇంకాస్త. నెలలు పట్టేది. చివరికి ఒకరోజు జొన్నచేను గట్టు మీద తోలు విడిచేసి నిలబడేది. ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. అంబలి గిన్నె చేతికిచ్చేవాళ్ళు. అలా పదకొండు మంది వచ్చారు.

చూసేవాడికి ఇందులో ఏముంది? ఒక ఆడమనిషి ఎండలో నిలబడి వింటోంది. అంతే.

గంటలు పోసే ఆమె కూతురు కూడా అడవిలోనే ఉంది. ఏడాదిన్నర పాటు ఆమె మోగించిన గంటకి బదులే లేదు. ఒకనాడు మూడో కొండ అవతల నుంచి సన్నగా బదులొచ్చింది. ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. పదిరోజులకి రెండో కొండ. ఇంకో నెలకి వాగు దగ్గర. ఆవిడ ఇల్లు అలికింది, కూతురి గిన్నె తోమి బోర్లించింది. ఇంక నాలుగైదు రోజులే అనుకుంది.

సరిగ్గా అప్పుడు ఆవలి ఒడ్డు నుంచి దిగాడు అద్దం మనిషి.

అతని చేతిలో ఒక అద్దం ఉండేది. అది చూసినదాన్ని దాచుకునేది. ఆవలి ఒడ్డున ప్రతివాడి అరచేతిలోనూ ఒక చిన్న అద్దం ఉంది. ఈ పెద్ద అద్దంలో ఉన్నది క్షణంలో ఆ చిన్న అద్దాలన్నిటిలోకీ పాకిపోతుంది. అతను చెడ్డవాడేం కాదు, పోనీ అదైనా ఒప్పుకుందాం. ఆమె కథ విని నిజంగానే ఏడ్చాడు. ఏడ్చేటప్పుడు అద్దాన్ని తనవైపు తిప్పుకున్నాడు, అంతే.

"అమ్మా, మీ గోడు లోకమంతా వినేలా చేస్తాను," అన్నాడు.

"లోకం వినక్కర్లేదు నాయనా. నా కూతురు వింటే చాలు. వాగు దాకా వచ్చేసింది. నాలుగు రోజులు ఇక్కడ సందడి లేకుండా చూడు, నీకు పుణ్యముంటుంది."

"మీరొక్కరూ మోగిస్తేనే ఇంత దూరం వచ్చిందే, మేమందరం కలిసి మోగిస్తే?"

"అయ్యో, అలా కాదు. గంట మోగించాలి. మోగించి ఆపాలి. ఆపి వినాలి. వినకపోతే గంట ఎందుకు నాయనా?"

ఆ మాటలు అతనికి ఎంత నచ్చాయో! అద్దంలో పెట్టేసుకున్నాడు. ఇంటికెళ్ళి చూసుకుంటే మరీ పొడుగ్గా ఉందనిపించింది. చూసేవాళ్ళకి ఓపికుండదు కదా. 'గంట మోగించాలి' అన్న ముక్క ఉంచి మిగతాది కోసేశాడు. పిల్లలు తోళ్ళు కప్పుకుని తిరుగుతారన్న సంగతి కూడా తీసేశాడు. అది ఉంటే ఎవరు మంచో ఎవరు చెడో జనానికి తికమకగా ఉంటుందట!

ఆవలి ఒడ్డు మర్నాటికల్లా ఊగిపోయింది. అన్నం తింటూ ఏడ్చారు, బండ్లలో వెళ్తూ ఏడ్చారు. గంటలు కావాలన్నారు. ఒకే అచ్చులో లక్షల గంటలు పోశారు, అన్నిటిదీ ఒకటే మోత. పెళ్ళిళ్ళలో మోగించారు, అంగళ్ళలో మోగించారు. గంట లేకుండా వీధిలోకొచ్చినవాణ్ణి మనిషిగా చూడలేదు. ఆ నది ఎటు పారుతుందో అడిగితే చెప్పలేనివాళ్ళు కూడా, ఆ దుమ్ములగొండి ఏ చెట్టు కింద పడుకుంటుందో కళ్ళారా చూసినట్టు చెప్పుకున్నారు.

ఆ ఒడ్డున ఒక ముసలి పడవవాడు ఉన్నాడు. ఈవలికి సరుకు తెచ్చి వెళ్తుండేవాడు.

"అందరూ ఇంత గోల చేస్తున్నారు, అక్కడివాళ్ళని ఒక్కమాట అడిగారా?" అన్నాడు.

"ఏం, నువ్వు దుమ్ములగొండి తరఫా?" అని మీదపడ్డారు. ఆయన వెళ్ళి పడవ కట్టేసుకున్నాడు.

ఆవలి ఒడ్డు రాజు జనం మాట చచ్చినా వినేవాడు కాదు. నీళ్ళు రావట్లేదంటే వినలేదు, రోడ్లు బాలేదంటే వినలేదు. ఈ మాట మాత్రం ఇట్టే విన్నాడు. ఈవలి ఒడ్డు కొండలో రాగి ఉందని ఆయనకి ఎప్పుడో తెలుసు. వేటగాళ్ళని పడవల్లో ఎక్కించాడు. ఒక్కో తుపాకికీ ఒక్కో గంట కట్టించాడు. వాళ్ళని సాగనంపుతూ జనం ఆనందంతో మళ్ళీ ఏడ్చారు.

వేటగాళ్ళు మిట్టమధ్యాహ్నం దిగారు. గంటలు పోసే ఆమె వాళ్ళ నాయకుడి దగ్గరికి పరిగెత్తింది.

"అయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ గంటలు ఆపించండి. అద్దం మనిషి వచ్చిన సందడికి నా కూతురు బెదిరి ఇంకా వాగు దగ్గరే ఆగిపోయి ఉంది."

"భయపడకమ్మా, మేమొచ్చాంగా. ఇవాళతో దాని పని సరి."

"గంట మోగితే అది రాదయ్యా. వచ్చేది పిల్లలు. ఒంటి మీద తోళ్ళుంటాయి. వాళ్ళని కాల్చకండి."

నాయకుడు జేబులోంచి చిన్న అద్దం తీసి మొదటి నుంచి చివరిదాకా చూశాడు.

"తోళ్ళ సంగతి ఇందులో ఎక్కడా లేదే," అన్నాడు.

ఎదురుగా కన్నతల్లి నిలబడి చెబుతుంటే! అద్దంలో లేదట. ఆడవాళ్ళందరినీ ఒక తాడు వెనక్కి నెట్టి నిలబెట్టారు. వాళ్ళ మేలు కోసమేనని చెప్పారు.

వందల గంటలు ఒక్కసారిగా మొదలయ్యాయి. ఇంక ఆగలేదు. ముసలి దుమ్ములగొండి మొదటి చప్పుడుకే లేచి కొండలు దాటేసింది. దానికి గంట చప్పుడంటే మనుషులని తెలుసు. పిల్లలకీ అదే తెలుసు. ఊళ్ళో తల్లులందరూ ఒకేసారి వచ్చి పిలుస్తున్నారనుకున్నారు. చేసిన తప్పులన్నీ ఊరంతా మరిచిపోయిందనుకున్నారు. గంటల్లో గడ్డి పీకేసి, ఆడించుకుంటూ, తోళ్ళు విప్పాలన్న ధ్యాస కూడా లేకుండా అడవిలోంచి పరుగున వచ్చారు.

వేటగాళ్ళకి తోళ్ళు కనపడ్డాయి.

పొద్దు వాలకముందే పెద్ద గొయ్యి తవ్వి, సున్నం చల్లి, పూడ్చేశారు. ఏ తల్లినీ దగ్గరికి రానివ్వలేదు. ముప్ఫై ఒక్క దుమ్ములగొండ్లని చంపామని, పిల్లలు ఇంకా లోపలికి పారిపోయి ఉంటారని చెప్పారు. ఆడవాళ్ళు నేలకేసి తలలు కొట్టుకున్నారు. గంటలు పోసే ఆమె కొట్టుకోలేదు. అంత గోలలో తన కూతురి గంట ఆమెకి వినపడలేదు. వినపడలేదు కాబట్టి అక్కడ లేదేమోనన్న ఆశని పట్టుకుని కూర్చుంది. తల్లి మనసు, ఇంకెలా అనుకుంటుంది? మర్నాడు మధ్యాహ్నం మామూలుగా గంట తీసుకుని అడవి అంచుకి వెళ్ళింది.

వేటగాళ్ళు తిరిగి వెళ్ళలేదు. ముసలి దుమ్ములగొండి దొరికేదాకా కాపలా ఉండాలన్నారు. ఊరికే ఉండటం ఎందుకని కొండ తవ్వడం మొదలుపెట్టారు. రాగి పడవలకెక్కింది. ఆవలి ఒడ్డున గెలుపు పండుగ మూడు రోజులు చేశారు. నాలుగోరోజు అరచేతి అద్దాల్లోకి ఎక్కడో మంచులో ఇరుక్కున్న తిమింగలం వచ్చింది, దానికోసం ఏడవడం మొదలెట్టారు. గంటలు పిల్లుల మెడకి కట్టారు.

ఏడాది తిరిగింది. గంటలు పోసే ఆమె రోజూ వెళ్తూనే ఉంది, ఒక్కసారి మోగించి వింటూనే ఉంది. బదులు లేదు. ఒక ఉదయం ఒడ్డుకి పడవొచ్చింది. తాము కాపాడిన ఊరిని చూసుకుందామని ఆవలి ఒడ్డువాళ్ళు ఓ వందమంది దిగారు. అద్దం మనిషి ముందు నడిచాడు. అందరి చేతులకీ గంటలు ఘల్లుమంటున్నాయి.

ఆమె తన గుమ్మంలో కూర్చుని ఉంది. ఉన్నట్టుండి తలెత్తింది. వంద గంటల మధ్య ఒక గంట వేరుగా మోగింది. లేచి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, ఒక పాతికేళ్ళ అమ్మాయి ముందు ఆగింది. అమ్మాయి ముంజేతికి కొత్త పట్టుదారంతో చిన్న గంట కట్టి ఉంది.

"ఇదెక్కడిది తల్లీ?"

అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "ఇది అసలు గంటండీ! ఆ రోజు దుమ్ములగొండ్ల దగ్గర దొరికినవాటిలోది. మీ కథని ఎక్కువమందికి చూపించినవాళ్ళకి బహుమతిగా ఇచ్చారు. నేను నాలుగు వేలమందికి చూపించాను. మీకోసం నేనెంత ఏడ్చానో మీకు తెలీదు."

"దుమ్ములగొండ్ల చేతికి గంటలేమిటని నాలుగు వేలమందిలో ఒక్కరూ అడగలేదా?"

అమ్మాయి అద్దం మనిషి వైపు చూసింది.

"అమ్మా, కొంచెం ఇటు తిరుగుతారా?" అన్నాడతను. "ముఖం మీద వెలుతురు పడటం లేదు."

ఆమె తిరగలేదు. ఇంటికెళ్ళి ద్వారబంధం నుంచి గంట తీసుకొచ్చింది.

"అందరూ చేతులు ఆపండి," అంది.

ఆ గొంతులో ఏముందో, వందమందీ ఆపారు. గంటలు ఆవలి ఒడ్డున పుట్టాక అవి ఆగడం అదే మొదటిసారి. కొండ మీద గునపాల చప్పుడు వినపడింది. జొన్నచేలో గాలి వినపడింది.

ఆమె గంటని ఒక్కసారి మోగించింది. అరచేత్తో మూతి మూసి, విన్నది.

ఆ మోత అమ్మాయికి తెలిసిన మోతే. ఏడాదిగా తన ముంజేతి మీద వింటున్నదే, కాకపోతే ఇది కాస్త లావుగా ఉంది. అమ్మాయి ఆమె ముఖం చూసింది, తన చెయ్యి చూసుకుంది. రెండో చేత్తో ఆ ముంజేతిని గట్టిగా పట్టుకుంది. పట్టుకున్నా చెయ్యి ఆగలేదు. వణకడం మొదలెట్టింది.

గంట మోగింది.

"వచ్చావా అమ్మా," అంది తల్లి. వంగి, ఆ చిన్న గంట ముడి విప్పడం మొదలుపెట్టింది.