బీరువాలో వైఫై

విజయనగరంలో కోట వెనక వీధిలో ప్రసూనాంబ అనే ఆవిడ ఉండేది. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ఎవరి కంటా పడకుండా దాచేస్తే తప్ప ఆవిడకు అన్నం సహించేది కాదు. టీవీకి ముసుగు, మిక్సీకి ముసుగు. సోఫాకు వేసిన ముసుగు మాసిపోతుందని దాని మీద ఇంకో దుప్పటి. ఆ సోఫా రంగేమిటో దాన్ని అమ్మిన కొట్టువాడికి తప్ప ఎవరికీ తెలియదు.

కోడలు వింధ్యది ఇంట్లోంచే చేసే ఉద్యోగం. మాటలు ఆలస్యమైన పిల్లలకు వీడియో కాల్‌లో మాటలు నేర్పించేది. అందుకోసం ఇంటికి వైఫై పెట్టించారు. ప్రసూనాంబ ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంత విలువైనదాన్ని గోడకు తగిలిస్తే దిష్టి తగలదూ! పడకగదిలోని ఇనప బీరువా వెనక రేకుకు కన్నం వేయించి, వైర్లు లోపలికి లాగించి, పెట్టెకు తువ్వాలు చుట్టి పట్టుచీరల మధ్య పడుకోబెట్టింది. సిగ్నల్ అందడం లేదని కొడుకు ఇంకో చిన్న పెట్టె కొనుక్కొచ్చాడు. "పాపం, దీనికో తోడు దొరికింది" అని ఆవిడ దాన్నీ బీరువాలోనే పెట్టింది.

"అత్తయ్యా, ఇనుములోంచి సిగ్నల్ రాదు. హాల్లో ఎత్తుగా పెడదాం" అని వింధ్య బతిమాలేది.

"ఊళ్లు దాటి వచ్చేదానికి ఒక రేకు తలుపు లెక్కా?" అనేది ఆవిడ. "పోనీలే, నేను ఇంట్లో ఉన్నంతసేపూ తలుపు బెత్తెడు తెరిచి ఉంచుతాను."

ఆ బెత్తెడు సందుతోనే వింధ్య నెట్టుకొచ్చేది. బీరువా ముందు చాప వేసుకుని, కలరా ఉండల వాసన పీలుస్తూ పాఠం చెప్పేది. తెలియనివాళ్లు చూస్తే చీరలకు చదువు చెబుతోందనుకునేవారు.

ఆమె దగ్గర నేర్చుకునే పిల్లల్లో లోహిత అని ఐదేళ్ల పాప ఉండేది. సాలూరు కొండల పక్క పల్లె. అన్నీ వినేది, అన్నీ అర్థం చేసుకునేది, నోరు మాత్రం విప్పేది కాదు. కొత్త మొహం కనిపిస్తే మంచం కిందికి దూరిపోయేది. వింధ్య మొహానికి అలవాటు పడటానికే ఆ పిల్లకు నెలలు పట్టింది. పాఠం మధ్యలో బొమ్మ ఆగిపోతోందని పాప తల్లి మొర పెట్టుకుంది. చివరకు వింధ్య పనిచేసే ఆసుపత్రి డాక్టరమ్మ, "రేపటి పాఠం నేనూ చూస్తాను. మళ్లీ ఆగితే పాపను వేరే టీచరుకు అప్పగించక తప్పదు" అంది.

వింధ్య ఆ మాట అత్తగారికి చెప్పింది. "మళ్లీ కొత్త మొహమంటే ఆ పిల్ల ఇంక నోరు తెరవదు అత్తయ్యా."

"నాకు తెలియదూ? తలుపు తెరిచే ఉంచుతాలే" అంది ప్రసూనాంబ.

మర్నాడు తలుపు తెరిచే ఉంటుందన్న ధీమాతో వింధ్య హాల్లో పాఠం మొదలుపెట్టింది. ప్రసూనాంబ పేరంటానికి బయల్దేరుతూ, చెయ్యి ఊరుకోక, బీరువాకు తాళం వేసేసింది. తాళంచెవి బొడ్లో దోపుకుని దర్జాగా వెళ్లిపోయింది. వీధి మలుపు దాకా పోయాక కళ్లజోడు మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వచ్చింది.

హాల్లో వింధ్య ల్యాప్‌టాప్ ముందు కూలబడి ఉంది. తెర మీద ఒక పాప సగం నోరు తెరిచి, కదలకుండా ఉంది.

"ఆ పిల్లేమిటే, అలా బిగుసుకుపోయింది?"

"పిల్ల కాదు అత్తయ్యా, బిగుసుకుపోయింది మన ఇల్లు!" వింధ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏదో అనబోయింది. ఇన్నాళ్లకు మొదటిసారి! ఫోన్ సిగ్నల్ కూడా ఈ గదిలోకి రాదాయె. వీధి గుమ్మంలోకెళ్లి మీకు ఎన్నిసార్లు చేశానో!"

ప్రసూనాంబ ఫోను సంచిలో ఉంది. ఆ సంచి ఇంకో సంచిలో ఉంది. ఆవిడ సంగతి మనకు తెలిసిందేగా.

ఆవిడ సంచి అక్కడే పడేసింది. పరుగున వెళ్లి బీరువా తాళం తీసింది. పట్టుచీరలు నేల మీదికి జారిపోతున్నా చూడలేదు. తువ్వాలు పీకేసింది. లోపల చుట్టచుట్టి దాచిన వైరంతా విప్పుకుంటూ, పెట్టె పట్టుకుని హాలు గుమ్మం దాకా వచ్చింది. అక్కడ స్టూలు ఉంది. మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే ప్రసూనాంబ ఒక్క ఉదుటున దాని మీదికెక్కి, పెట్టెను రెండు చేతులా తల మీదికి ఎత్తిపట్టుకుంది.

తెర మీద పాప రెప్ప వేసింది. తల కదిలింది. వింధ్య గబగబా దీపం బొమ్మ ఉన్న కార్డు చూపించింది. పాప ఆ కార్డు చూడలేదు. టీచరు వెనక స్టూలెక్కిన ముసలావిడను చూసింది. కొత్త మొహం! అయినా పాప మంచం కిందికి పోలేదు. ఆవిడ తల మీద మిణుకు మిణుకుమంటున్న పచ్చటి వెలుగులను కళ్లింత చేసుకుని చూసింది. వేలు పైకి లేపింది.

"దీ..." అంది. కాసేపాగి, "దీపం" అంది.

అవతల పాప తల్లి వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. ఆ తర్వాత డాక్టరమ్మ అడిగింది. "వింధ్యా, ఆ స్టూలు మీద ఉన్నది ఎవరమ్మా?"

"మా అత్తగారండీ."

"పాఠం అయ్యేదాకా ఆవిడను దిగవద్దను! పాప పాఠాలు ఇక మీ దగ్గరే."

ప్రసూనాంబకు ఆ మాటలు సరిగ్గా వినిపించలేదు. ఆవిడ తన చేతుల్లో ఉన్నదాన్నే చూస్తోంది. కొబ్బరి చిప్పంత బరువు కూడా లేదు. చప్పుడు లేదు. కిటికీ తెర ఊగలేదు, గదిలో గాలి చెదరలేదు. అయినా కొండల పక్కన ఒక పసినోట అప్పుడే పుట్టిన మాట, ఊళ్లూ ఏర్లూ దాటుకుని, ఇదిగో ఈ వేళ్ల మధ్య నుంచి ఆవిడ ఇంట్లోకి వచ్చేసింది. ఇన్నాళ్లూ ఇలాంటి పిలుపులు ఎన్ని ఆ బీరువా తలుపు దాకా వచ్చి వెనక్కి పోయాయో!

"వింధ్యా, ఇంత గొప్పదాన్నా నేను చీరల కింద తొక్కిపెట్టాను?" అంది మెల్లగా.

ఆ సాయంత్రమే హాలు మధ్య గోడకు, ఎత్తుగా, చెక్క పలక కొట్టించి వైఫై పెట్టెను దాని మీద పెట్టించింది. తోడు పెట్టె వంటింటి గుమ్మం పక్కకు చేరింది. ప్రసూనాంబ కోడలి ఫోను పట్టుకుని గదిగదీ తిరిగింది. సిగ్నల్ గీతలు నిండుగా కనిపించిన చోటల్లా ఆగి, ఖాళీ గాలిలోకి చూసి, రెండు చేతులూ జోడించింది.

పదిమందికీ అందాల్సినదాన్ని పెట్టెలో పెట్టి దాచుకుంటే, అది మన ఇంట్లోనే ఉన్నా మనకు కూడా అందదు.