మిరపనారుకు విప్పిన ఇంటికప్పు

ఊఁ కొట్టేవాళ్లుంటేనే చెబుతాను. కునికేవాళ్లు ఇప్పుడే లేచి పొండి. మీ తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, ఒక నల్లరేగడి ఊళ్లో గురవమ్మ అనే కూలిమనిషి ఉండేది. నా అన్నవాళ్లు లేరు. ఉన్నదల్లా ఒక తాటాకు గుడిసె. మోతుబరి కొండలయ్య తోటలో మిరపనారు నాటితే గంజి, కాయ కోస్తే గంజి, లేకపోతే పస్తు.

ఒక ఏడు నారు నాటిన మర్నాడే ఎండ విరుచుకుపడింది. లేతమొక్కలు తలలు వేలాడేశాయి. కొండలయ్య మిట్టమధ్యాహ్నం కుండలతో నీళ్లు పోయించబోయాడు. గురవమ్మ అడ్డం వెళ్లింది.

"మట్టి కాలిపోతోందయ్యా. ఇప్పుడు పోస్తే వేళ్లు ఉడికిపోతాయి. ముందు నీడ పెట్టాలి. పొద్దుగూకాక నీళ్లు పోయాలి."

"నాకు చెప్పొచ్చావా?" అన్నాడు కొండలయ్య.

నీళ్లు పోసిన సాళ్లు సాయంత్రానికి చచ్చాయి. అప్పుడు కుండలు పక్కన పెట్టించాడు.

మొదటిరోజు గురవమ్మ మోదుగాకులు తెచ్చి, మొక్కకొకటి పడమటివైపు గుచ్చింది. సగం తోటకే సరిపోయాయి. రెండోరోజు వేపకొమ్మలు తెచ్చి గుచ్చింది. ఇంకా పావు తోట మిగిలింది. "నీ వామిలోంచి నాలుగు మోపుల గడ్డి ఇప్పించయ్యా" అంది. "గొడ్లకే చాలదు, పో" అన్నాడు ఆ మహానుభావుడు. మూడోరోజు ఏం చేసిందనుకున్నారు? గుడిసె ఎక్కి తన ఇంటికప్పే పీకింది.

"వాడి తోట పోతే నీకేమే, పిచ్చిదానా?" అంది పక్కింటి సాలమ్మ.

"వాడికి నాలుగు బస్తాలు తగ్గుతాయి పిన్నీ. నాకు నాలుగు నెలల గంజి పోతుంది."

రోజూ పొద్దుగూకాక చెంబుతో మొక్క మొక్కకీ నీళ్లు పోసింది. వారానికి మొక్కలు తేరుకుని చిగురేశాయి. ముక్కలు చేసి గుచ్చిన తాటాకు మళ్లీ కప్పుకి పనికిరాదు. ఊళ్లో తాటిచెట్లన్నీ కొండలయ్యవే. వెళ్లి అడిగింది.

"తోట నిలబడిందయ్యా. నా గుడిసెకి తాటాకు ఇప్పించు."

"రేపు చూద్దాం."

మర్నాడు అడిగింది. రేపు చూద్దాం. మూడోనాడూ అడిగింది.

"రేపు చూద్దాంలే. నీ గుడిసె ఎక్కడికీ పారిపోదుగా."

తోటలో ఎండ. ఇంటికొచ్చి నడుం వాలుద్దామంటే గోడల మధ్యా ఎండే. ఊళ్లోవాళ్లు అయ్యో అన్నారు, అంతే. నాలుగోనాడు కలుపు తీస్తూ సాల్లోనే పడిపోయింది. వడదెబ్బ. మళ్లీ లేవలేదు.

ఆ ఏడు కొండలయ్య తోట విరగకాసింది. నాకు కడుపు మండేది ఇక్కడే. కానీ కాయ కోయడానికి వచ్చిన కూలీలు గట్టు దిగలేదు. "ముందు మాకు నీడ వెయ్యి" అన్నారు. "రేపు చూద్దాం" అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. పండిన కాయ చెట్టు మీదే కుళ్లి రాలుతుంటే, అప్పుడు కొట్టించాడు తాటాకు, గట్టున కూలీల పందిరికి.

ఇప్పటికీ ఆ పక్క మిరపనారు నాటేముందు గట్టున తాటాకు పందిరి వేస్తారు. దాన్ని గురవమ్మ ఇల్లు అంటారు. కూలీలు అందులో కూర్చుని గంజి తాగాకే మొదటి మొక్క నాటుతారు. తోటకో ఇల్లు, ఊరికి వంద ఇళ్లు ఆ తల్లికి. బతికుండగా ఒక్కటి కప్పినవాడు లేడు.