గ్రహణం నాడు తీసిన గడియ

"నేను చెప్పినదాంట్లో అబద్ధం ఏముంది మాస్టారూ?" పొద్దున్నుంచీ సుధీంద్రది ఇదే పాట.

"ఆ ఇంటికి వెళ్లిరా" అన్న ఒక్క మాట తప్ప ఖాదర్ మాస్టారు ఏమీ అనలేదు. టెలిస్కోపు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి జనానికి ఆకాశం చూపించే మనిషి ఆయన. శిష్యుడు సుధీంద్రకి మాత్రం చూపించడం కంటే చెప్పడమే ఇష్టం.

మొన్నటి సూర్యగ్రహణానికి మాస్టారు జ్వరంతో పడుకుని, చింతగుంటకి శిష్యుణ్ణి ఒక్కణ్ణే పంపాడు. అక్కడ ఓ ముసలమ్మ మనవరాలిని ఇంట్లో ఉంచి తలుపుకి గడియ పెట్టింది.

"వద్దు సామీ, బిడ్డ బయటికొస్తే చేటు."

"నీడకి భయమేమిటవ్వా!" అని నలుగురి ముందూ నవ్వి, సుధీంద్ర తన చేత్తోనే ఆ గడియ తీశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇంకేముంది, ఉపన్యాసం ఊపందుకుంది. కళ్లకి పెట్టుకోవాల్సిన నల్లద్దాలు సంచిలోనే ఉండిపోయాయి. మనవరాలు ఈరమ్మ అంతసేపూ వట్టి కళ్లతో సూర్యుణ్ణే చూసింది.

ఇప్పుడా పిల్లకి చూపు మధ్యలో నల్లమచ్చ. ఇక పోదన్నాడు డాక్టరు. పాపం, పలకా బలపం పట్టే వయసు.

"గ్రహణం నీడే కదా! మనం పంచే కరపత్రంలో ఉన్నదే చెప్పాను. నేనెందుకు తల దించుకోవాలి?" అన్నాడు సుధీంద్ర మళ్లీ.

మాస్టారు లేచి టెలిస్కోపుని ఎండలోకి తెచ్చాడు. ముందు అద్దానికున్న నల్ల తొడుగు తీసి, గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పాడు. సుధీంద్ర జేబులోని కరపత్రం లాగి, కన్ను పెట్టే చోట దాన్ని పట్టుకోమన్నాడు.

పట్టుకున్నాడో లేదో, కాగితం నడుమ పొగ లేచింది. చింతగింజంత చిల్లు పడింది.

"చదువు" అన్నాడు మాస్టారు.

అంచుల్లో అక్షరాలున్నాయి. మధ్యలో లేవు.

"దీంట్లో మాత్రం అబద్ధం ఏముంది నాయనా?"

సుధీంద్ర కాగితం మడిచి జేబులో పెట్టుకుని చింతగుంట బస్సెక్కాడు.

ఈరమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. తలుపు తెరిచే ఉంది. అడుగుల చప్పుడికి పిల్ల మొహం ఓ పక్కకి తిప్పి, కంటికొసల్లోంచి వెతికింది.

"ఎవరన్నా నువ్వు? ఎదురుంగ నిలబడితే కంటికి ఆనవు. రోంత పక్కకి రా."

సుధీంద్ర పక్కకి జరిగి, ఆ పిల్లకి కనిపించేలా నిలబడ్డాడు.