నీళ్ళ నూకాలు తెరిపించిన తలుపులు

వెనకటికి, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలల్లో ఊగే కాలంలో, ఉప్పుటేరు ఒడ్డున ఒక పాలెం ఉండేది. దాని చుట్టూ ఉప్పుమళ్ళే. ఎటు చూసినా తెల్లటి ఉప్పు, ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళు. గుక్కెడు మంచినీళ్ళు కావాలంటే ఇసకదిబ్బలు దాటి అవతలి నూతికి పోవాల్సిందే.

ఆ నీళ్ళు మోసే మనిషి నూకాలు. నెత్తిన ఒక కుండ, చంకన ఒక కుండ. పొద్దున ఒకసారి, సందేళ ఒకసారి ఇంటింటికీ నీళ్ళు పోసేది. పోసినచోట పిడికెడు నూకలో గరిటెడు గంజో పెడితే దాంతోనే కాలం గడుపుకునేది. అందరూ ఆవిణ్ణి నీళ్ళ నూకాలు అనేవారు.

ఆ పాలెంలో ఒక మర్యాద ఉండేది. ఏ ఇంట్లో మొగుడూ పెళ్ళాం అరుచుకున్నా, చుట్టుపక్కలవాళ్ళు తలుపులు వేసుకునేవారు. పరాయింటి గుట్టు మన చెవిన పడకూడదని. కేకలు లేచేవి, తలుపులు పడేవి.

ఆ తలుపుల చప్పుడు నూకాలుకి బాగా తెలుసు. కాపరానికొచ్చిన కొత్తలో ఆవిడ ఇంట్లోనూ కేకలు లేచాయి. బిడ్డ ఏడుపు, నిద్రలేని కళ్ళు, మొగుడి కోపం, తన కోపం. ఒకనాడు తట్టుకోలేక బిడ్డని ఎత్తుకుని గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఎదురింటావిడ చూసింది. మంచి మనిషే. చూసి, నూకాలు నొచ్చుకోకూడదని చప్పుడు కాకుండా తలుపు వేసేసుకుంది. నూకాలు వెనక్కి తిరిగి లోపలికే పోయింది. తర్వాత ఆ బిడ్డా నిలవలేదు, కొన్నాళ్ళకి మొగుడూ పోయాడు. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

పాలెం చివర అసిరయ్యా బంగారమ్మా ఉండేవారు. వాళ్ళకి పోలి అని కూతురు, దాని తర్వాత చంటోడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చెడ్డవాళ్ళు కాదు. తెల్లారకముందే మళ్ళలో దిగి, ఎండకి కళ్ళు మండి, కాళ్ళు ఉప్పుకి పగిలి ఇంటికొచ్చేవారు. వస్తే చంటోడు ఏడుస్తుండేవాడు. ఆ ఏడాది కాలం కాని కాలంలో వాన పడి ఉప్పు కుప్ప సగం కరిగిపోయింది. కుప్ప మీద తాటాకులు నువ్వు కప్పాలంటే నువ్వు కప్పాలని మొదలైన మాట ఇక ఆగలేదు. రోజూ సందేళ అయ్యేసరికి అదే వరస. కేకలు లేచేవి, తలుపులు పడేవి.

ఒక సందేళ నూకాలు తన గుడిసె ముందు కుండలు బోర్లిస్తోంది. ఏటిగట్టు మీద ఏదో కదిలింది. చూస్తే పోలి. తనలో సగం బరువున్న తమ్ముణ్ణి చంకనేసుకుని, జారే గట్టు మీద ఒక్కో అడుగే వేసుకుంటూ వస్తోంది. కింద ఏరు పోటు మీదుంది. నూకాలు చేతిలో కుండ కింద పెట్టేసింది. పిలిస్తే ఉలిక్కిపడి జారుతుందేమోనని పిలవలేదు. ఎదురెళ్ళి ఇద్దర్నీ పట్టుకుంది.

ఇంతదూరం ఎందుకొచ్చావే అంటే, ఆ పిల్ల తడుముకోకుండా చెప్పింది.

"పారమ్మ మామ్మ తలుపేసుంది. మాలచ్చమ్మ తలుపేసుంది. దానయ్య తాత తలుపేసుంది. నీ గుడిసెకి తలుపు నేదు కదా."

నూకాలు ఇద్దరికీ గంజి పోసి పడుకోబెట్టి వాళ్ళమ్మకి కబురంపింది. మర్నాడు పొద్దున నీళ్ళు పోసేటప్పుడు అసిరయ్య ఇంటికి ముందుగా పోలేదు. ఆ మూడిళ్ళకీ పోయింది.

పారమ్మ మనవల్ని పెంచిన ముసలావిడ. మాలచ్చమ్మ నలుగురు పిల్లల తల్లి. దానయ్య ఒంటిగా ఉండే ముసలాయన, ఉప్పు లాగే కొయ్యపలకలు బాగుచేస్తుంటాడు. ముగ్గురూ ఒకే మాట చెప్పారు. ఇంటి గొడవ కదా, మధ్యలో దూరితే బాగుండదని తలుపేసుకున్నామన్నారు.

"మీ మర్యాద మంచిదే," అంది నూకాలు. "పిల్ల మాత్రం పోటు మీదున్న ఏటిగట్టెమ్మట నడిచొచ్చింది. తగువు తీర్చమని అడగడం లేదు. తలుపు తీసుంచండి, చాలు."

పారమ్మని పిల్లల్ని చూడమంది. మాలచ్చమ్మని బంగారమ్మతో నాలుగు మాటలు మాట్లాడమంది. దానయ్యనేమో అసిరయ్యని పక్కన కూర్చోబెట్టుకోమంది. నాకు మాటలు రావు కదా అన్నాడు దానయ్య. మాటలు రాకపోయినా ఫరవాలేదంది.

ఈ సంగతి అసిరయ్య చెవిన పడింది. వాడికి తల కొట్టేసినట్టయింది. సందేళ నూకాలు కుండతో వస్తే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నా ఇంటి మాట ఊరంతా మోస్తావా అని అడిగి, మళ్ళీ ఈ గడప తొక్కొద్దన్నాడు. ఆవిడ నెత్తిన కుండ ఉండగానే నెట్టాడు. కుండ పగిలి నీళ్ళన్నీ ఇసకలో ఇంకిపోయాయి. బంగారమ్మ లోపలినుంచి చూస్తూనే ఉంది.

నూకాలు పెంకులు ఏరుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆవిడకి నిజంగానే అనిపించింది, నేనెవరిని, నీళ్ళు మోసేదాన్ని, వీళ్ళ కాపరాల్లో నాకేం పని అని. తెల్లారింది. మళ్ళీ నూతికి పోయింది. అసిరయ్య గడప తొక్కలేదు గానీ గుమ్మం బయట నీళ్ళు పెట్టి వచ్చింది. ఆ మర్నాడూ పెట్టింది. ఆ పైనా పెట్టింది.

అలా ఉండగా బంగారమ్మకి జొరం తగిలింది. కళ్ళు తెరవలేని జొరం. పాలు లేక చంటోడు ఒకటే ఏడుపు. అసిరయ్య ఊపాడు, ఎత్తుకున్నాడు, తిప్పాడు. చంటోడు ఆపలేదు. మిట్టమధ్యాహ్నం అయింది. వాడి ఏడుపు తలలో సుత్తితో కొట్టినట్టుంది. ఒక్కసారి అసిరయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. తన వేళ్ళు బిడ్డ జబ్బల్లో దిగబడి ఉన్నాయి. వేళ్ళు తీస్తే ఎర్రగా అచ్చులు.

వాడు బిడ్డనెత్తుకుని బయటికొచ్చాడు. పారమ్మ ఇంటి తలుపు తీసుంది. నూతి దగ్గర ఆలస్యమై అప్పుడే వచ్చిన నూకాలు లోపల నీళ్ళు పోస్తోంది. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అత్తా, వీణ్ణి పట్టుకో. నా చేతులంటే నాకే భయమేసింది."

పారమ్మ లేచి బిడ్డని అందుకుంది. నూకాలు కుండ దింపి అసిరయ్య ఎదురుగా వచ్చింది. వాడు తలెత్తలేదు.

"భయపడి ఇక్కడికొచ్చావు నాయనా," అంది. "భయపడి, ఎటెళ్ళాలో తెలీక, ఇంట్లోనే ఉండిపోయినోళ్ళని నేను చూశాను."

పగిలిన కుండ మాట ఆవిడ ఎత్తలేదు.

ఆ పూట మాలచ్చమ్మ గంజి కాచుకుని బంగారమ్మ దగ్గరికి పోయింది, పోలి తల దువ్వింది. దానయ్య అసిరయ్యని తన పంచన కూర్చోబెట్టుకుని ఒక పలక చేతికిచ్చాడు. ఇద్దరూ చాలాసేపు చెక్క గీకారు. పొద్దువాలేవేళకి దానయ్య నోరు విప్పాడు.

"మా పెద్దోడు నాతో మాటాడడు. ఎందుకో నాకు తెలుసు. అప్పట్లో నాకిలా కూర్చోడానికి ఒక పంచ ఉంటే బాగుండేది."

ఆ రోజుతో గొడవలన్నీ తీరిపోయాయని చెప్పను. మళ్ళీ మాట మాట పెరిగింది. కానీ గొంతు లేవగానే పోలి తమ్ముణ్ణెత్తుకుని పారమ్మ ఇంటికి పోయేది. బంగారమ్మ మాలచ్చమ్మ ఇంటికి పోయి, ఆవిడ కాపరంలోనూ ఇలాంటి రోజులున్నాయని విని తేలికపడి వచ్చేది. అసిరయ్య పలక గీకడానికి పోయేవాడు. తిరిగొచ్చేసరికి కోపం సగం దారిలోనే దిగిపోయేది. కొన్నాళ్ళకి పిల్లలు ఆ ఇంటికీ ఈ ఇంటికీ ఆటకే పోతున్నారు. అది చూసి మిగతా ఇళ్ళవాళ్ళు కూడా, పైకి చెప్పుకోకుండానే, తమకంటూ ఒక గుమ్మం చూసుకున్నారు.

నూకాలు ఒక ఎండాకాలం ఇసకదిబ్బ మీద కూర్చుని అలాగే కన్నుమూసింది. కుండలు రెండూ నిండుగా పక్కన పెట్టుకునుంది. ఆవిడకి నా అనేవాళ్ళు లేరు. కొడుకు వరసలో అసిరయ్యే కొరివి పెట్టాడు. ఊరి జనమంతా వెంట నడిచారు.

ఇప్పుడా నూయి పూడిపోయింది. ఉప్పుమళ్ళు కూడా సగం లేవు. కానీ ఆ పాలెంలో బిడ్డని ఉయ్యాలలో వేసిననాడు ఇప్పటికీ ఒక పని చేస్తారు. తల్లీ తండ్రీ బిడ్డనెత్తుకుని తమకి నచ్చిన మూడిళ్ళకి పోతారు. ఒకటి బిడ్డకి, ఒకటి తల్లికి, ఒకటి తండ్రికి. ఆ ఇళ్ళవాళ్ళు ముగ్గురికీ తలో గుక్క మంచినీళ్ళిచ్చి, "కోపమొస్తే ఇటు రండి" అంటారు. ఊళ్ళోకి కొత్తగా కాపరానికొచ్చిన వాళ్ళని చూస్తే ముసలమ్మలు బంధువులెవరని అడగరు, కులమేదని అడగరు. "మీ మూడిళ్ళు ఏవమ్మా?" అని అడుగుతారు. ఇంకా లేవని చెబితే, వెంటబెట్టుకుని పోయి చూపించి వస్తారు.