పక్క షేకరు మీది బూజు

సుధీంద్రకి కడుపుమంట పట్టుకుంది. మజ్జిగ తాగితే తగ్గే రకం కాదు, హలీమా ఫ్లాస్కు కనబడితే రాజుకునే రకం.

ఇద్దరూ అనంతపద్మనాభం మాస్టారి ల్యాబులో శిష్యులు. ముడి చమురు నుంచి తీసే ఆమ్లాన్ని వరిగడ్డి నుంచి రప్పించాలని మాస్టారి పట్టుదల. గడ్డిని కరిగించి తీపినీళ్లు చేస్తే, గాజు ఫ్లాస్కులో వేసిన, జన్యువులు మార్చిన బూజు ఆ నీళ్లు తాగి ఆమ్లం ఇస్తుంది. ప్లాస్టిక్కుకీ రంగులకీ అదే ముడిసరుకు. ఏ జన్యువు ఎవరు మార్చాలో మాస్టారే పంచి ఇచ్చారు. నెలాఖరుకి ఎవరి ఫ్లాస్కు ఎక్కువ పులిస్తే వాళ్ల బూజు పెద్ద ట్యాంకులోకి పోతుంది. రెండోవాళ్ల కష్టం ఫ్రిజ్జులోకి పోతుంది.

ఫ్లాస్కులు షేకరనే ఊపుడు యంత్రం మీద పగలూ రాత్రీ ఊగుతూనే ఉండాలి. ఊగితేనే నీళ్లలోకి గాలి దిగుతుంది. గాలి ఆగిందా, బూజు అలిగి ఆమ్లం మానేస్తుంది. కొత్తగా చేరినవాళ్లకి ఈ పాఠం వేలు ఆడించి మరీ చెప్పేది మన సుధీంద్రే.

కానీ పొరుగింటి పుల్లకూర సంగతి తెలిసిందేగా. టీ తాగొచ్చి ఒకసారి, భోజనానికి ముందొకసారి, చెయ్యి కడుక్కుని ఇంకోసారి తన ఫ్లాస్కు షేకరు మీంచి తీసి, చంకబిడ్డలా ఎత్తుకుని గది ఆ చివరికి పోయేవాడు. అక్కడ హలీమాది తన మానాన తాను ఊగుతుండేది. ఇతను తనది వెలుతురుకి పట్టుకుని, ఆమె బూజు కట్టిన ఉండలు గుండ్రంగా ఉన్నాయా, తనవి చితికాయా అని ఆరా తీసేవాడు.

"దిష్టి కాస్త తగ్గించు బాబూ, షేకరుకి నిమ్మకాయ కట్టాల్సొచ్చేలా ఉంది" అనేది హలీమా.

పరీక్ష చేస్తే ఆమెది పుల్లగా తేలింది. ఇతనిదాంట్లో ఆ పులుపులో సగం కూడా లేదు. ఫ్లాస్కు చేత్తో పట్టుకునే మాస్టారి గదికి పోయాడు. మంచి జన్యువు ఆమెకిచ్చి, మిగిలింది తన మొహాన కొట్టారని గొణిగాడు.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. హలీమాని పిలిచి ఇద్దరినీ కిటికీ దగ్గర పక్కపక్కన నిలబెట్టారు.

"నోరూ ముక్కూ మూసుకోవోయ్. మీ ఇద్దరిలో ఎవరి రంగు బాగుందో చూస్తాను."

ఇదేదో కొత్త పరీక్ష అనుకుని సుధీంద్ర నోరు బిగించి, ఖాళీ చేత్తో ముక్కు పట్టుకున్నాడు. మాస్టారు తాపీగా కళ్లజోడు తుడుచుకున్నారు. హలీమాని చూశారు. ఇతన్ని చూశారు. మళ్లీ కళ్లజోడు తీసి తుడవడం మొదలెట్టారు. సుధీంద్ర మొహం ఎర్రగోంగూర కాడలా తయారైంది. ఇక ఆగలేక గుప్పున వదిలాడు.

"అప్పుడే వదిలేశావే?"

"ఊపిరాడలేదు మాస్టారూ."

"నేనింకా పోల్చి చూడ్డం పూర్తవలేదోయ్."

హలీమా నవ్వాపుకోలేక అటు తిరిగింది. సుధీంద్ర కిందికి చూశాడు. చేతిలో ఫ్లాస్కు కదలకుండా ఉంది. ఉండలన్నీ అడుక్కి దిగి, ఒకదాని మీద ఒకటి పడున్నాయి.