చదవని తీర్మానం

పందిళ్ల వీరనాగమ్మను చేనేత సహకార సంఘం నుంచి తీసేసింది 2011 మార్చి 6న. ఆమె చేసిన నేరం, తీర్మానం చదివి వినిపించమని అడగడం. చదువుతాంలే అంటే నమ్మి సంతకం పెట్టింది. పైన శిక్ష, కింద తన చేతిరాత. ఆ సంఘం ఆనవాయితీ అది. సభ్యులు మినిట్స్ పుస్తకంలో ఖాళీ పేజీ అడుగున సంతకాలు పెట్టి, టీ తాగి వెళ్లిపోతారు. పైన ఏం ఉండాలో ప్రెసిడెంటు భావనారాయణ తీరిగ్గా రాసుకునేవాడు. "సంతకం మీది, బాధ్యత నాది" అనేవాడు. ఆ మాటకు చప్పట్లు కొట్టి, ఆఫీసు గోడ మీద రంగులతో రాయించారు మనవాళ్లు.

ఆయన చనిపోయాక దమయంతి ప్రెసిడెంటయింది. మొదటి సర్వసభ్య సమావేశం ముగిసిన సాయంత్రమే, తనకు చదువు చెప్పిన తాయారమ్మ గారి ఇంటికి వెళ్లింది.

"అమ్మగారూ, ఆయన్ని సగం ఊరు దేవుడంటుంది, సగం ఊరు దొంగంటుంది. నేను ఆయన దగ్గర నేర్చుకోవాల్సిందేమిటి?"

తాయారమ్మ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే మనిషి కాదు. మినిట్స్ పుస్తకం తెప్పించింది. వీరనాగమ్మకూ కబురు పెట్టింది. ఎనిమిదేళ్లుగా సంఘం నూలు అందక షావుకారు మగ్గం మీద కూలికి నేస్తున్న ఆ మనిషి వచ్చి గడప దగ్గరే కూర్చుంది.

ఆ రోజు జరిగిన సమావేశం పేజీ తెరిస్తే అడుగున నలభై మూడు సంతకాలు. పైనంతా తెలుపు.

దమయంతి తడబడలేదు. వీరనాగమ్మను తిరిగి చేర్చుకున్నట్టు అక్కడ రాయబోతున్నానంది. చదివి వినిపిస్తే పాతాయన మనుషులు సాగనివ్వరని, అందుకే ముందు సంతకాలు తీసుకున్నానని, మంచి పనికే కదా అని చెప్పుకొచ్చింది.

తాయారమ్మ గడప వైపు తిరిగింది. ఇప్పుడు కాదంటే మళ్లీ సమావేశం ఏడాదికి గానీ రాదని చెప్పి, రాయమంటావా అని అడిగింది.

వీరనాగమ్మ ఆ కాగితాన్ని చూసింది. "నన్ను తీసేసిన రోజూ ఇంతే తెల్లగా ఉందమ్మా. వద్దు. ఇంకో ఏడాది కూలికే నేస్తా."

తాయారమ్మ పేజీకి ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టేసింది. దమయంతికి రోషం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీది కోపం నా మీద తీర్చుకుంటారేమని నిలదీసింది.

"ఆయన చచ్చిపోయాడని ఎవరు చెప్పారే నీకు?" అంటూ తాయారమ్మ గీత పక్కన సంతకం చేసి తేదీ వేసింది: 2019 ఫిబ్రవరి 24.