నాంచారమ్మ చెప్పని జబ్బు

విరజాపురంలో నాంచారమ్మ అనే నాటువైద్యురాలు ఉండేది. కోటలో గుర్రాలు తోమేవాళ్ళ దగ్గర్నుంచి కాపలా భటుల వరకూ ఆమె దగ్గరే మందు పుచ్చుకునేవారు.

ఒకరోజు దండనాయకుడు ఉద్దండరాయుడు ఆమెను రాజుగారి సభకు లాక్కొచ్చాడు.

"కోట కొలువులో ఎవరెవరికి ఏ జబ్బుందో చెప్పు. రోగిష్టివాళ్ళందర్నీ ఇవాళే పనిలోంచి తీసిపారేస్తాను," అన్నాడు.

"నన్ను నమ్మి చెప్పుకున్న బాధలు బాబూ అవి. చెప్పను," అంది నాంచారమ్మ.

"తప్పు చేయనివాడికి దాపరికమెందుకే? చెప్పకపోతే నిన్ను ఊళ్ళోంచి వెళ్ళగొడతాను!"

నాంచారమ్మ బెదరలేదు. రాజు వైపు తిరిగింది. "మహారాజా, కొలువంటే కూలీలూ భటులేనా, పెద్ద ఉద్యోగులు కూడానా?"

"కొలువంటే అందరూ," అన్నాడు రాజు.

"అయితే అందరికంటే పెద్దవారితోనే మొదలుపెట్టమంటారా?" అంటూ ఆమె దండనాయకుడి వైపు చూసింది.

ఉద్దండరాయుడి మొహం పాలిపోయింది. "ఆగు! మనిషి ఒంట్లో బాధ అతని సొంతం. దాన్ని పదిమందిలో పెట్టించడం అన్యాయం, మహారాజా!" అని అరిచాడు.

"ఇందాకట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదే కదా," అంది నాంచారమ్మ.

సభ గొల్లుమంది. ఇకమీదట ఎవరి జబ్బు సంగతీ ఎవరూ ఆరా తీయకూడదని రాజు అప్పటికప్పుడే ఆజ్ఞాపించాడు. అయినా ఆయనకే కుతూహలం ఆగలేదు.

"ఇంతకీ మా దండనాయకుడికి వచ్చిన జబ్బేమిటి?" అని ముందుకు వంగి అడిగాడు.

"ఆయన అసలు నా గడప తొక్కారో లేదో కూడా తమరికి చెప్పను, మహారాజా," అని దండం పెట్టి, నాంచారమ్మ తలెత్తుకుని సభలోంచి వెళ్ళిపోయింది.